చెప్పి ముట్టుకునే చెయ్యి

సాయంత్రం మా పక్కింటివాళ్ళు జొన్నరొట్టెలు తట్టడం మొదలుపెట్టారంటే నేను కుట్టుమిషను ఆపేస్తాను. ఆకలికి కాదు. ఆ చప్పుడు వినబడగానే నా కుడి అరచెయ్యి తనంతట తానే ముడుచుకుని గుంతగా తయారవుతుంది. ఒళ్ళో జాకెట్టు గుడ్డ ఉన్నా, పెదవుల మధ్య గుండుసూది ఉన్నా, చెయ్యి మాత్రం ఎవరి వీపునో వెతుక్కుంటున్నట్లు అట్లా గాలిలో నిలబడిపోతుంది. మా ఆయన చూసి, "ఏంది, మళ్ళా ఆసుపత్రికి పోయినావా?" అంటాడు. పోయినట్లే మరి. ప్రొద్దుటూరులో ఆ ఆసుపత్రి మా వీధికి దూరమేమీ కాదు. కూరగాయలకు పోయేటప్పుడు దాని ముందు నుంచే పోతాను. అప్పుడు నాకేమీ గుర్తుకు రాదు, వంకాయల ధర తప్ప. రొట్టె చప్పుడుకు మాత్రం అంతా వరసపెట్టి గుర్తుకొస్తుంది, ఆ వార్డు కిటికీలో ఎండ ఏ మూల పడేదో దానితో సహా.

నా చేతికి ఆ గుంత నేర్పిన మనిషి పేరు నూర్జహాన్. అందరికీ సిస్టరమ్మ. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చి ఆ ఆసుపత్రి కింది వార్డులో పని చేసేది. పొట్టి మనిషి. గొంతు మాత్రం పెద్దది, వార్డు ఈ చివర మాట్లాడితే ఆ చివర మంచం మీదివాళ్ళు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి డబ్బాలోని బొరుగుల ఉగ్గాని నాలుగు ముద్దలు నోట్లో వేసుకునేది, కూర్చుని తినగా నేను చూడలేదు. మధ్యాహ్నం కువైట్‌లో ఉన్న భర్తను ఫోనులో ఊపిరి తిప్పుకోకుండా తిట్టి, పెట్టేసేముందు "తిన్యావా?" అని అడిగేది. నర్సమ్మ అంటే మెత్తగా, తల్లిలాగా, నవ్వుతూ ఉంటుందని అనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు మా సిస్టరమ్మను చూడలేదన్నమాట. నన్ను పదిమందిలో ఏడిపించింది. రెండు రోజులు ఆమె మొహం చూడకుండా తిరిగాను. అయినా మా నాయన నాకు మళ్ళీ దక్కాడంటే అందులో సగం ఆమె చేతిదే. ఆమెను చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది లింగాల. నాయనకు అక్కడ చీనీ తోట, బత్తాయిలనే మా వైపు చీనీలంటాం. నా చిన్నప్పుడే అమ్మ పోయింది, నేనొక్కదాన్నే బిడ్డను. నాయన మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. తోటనూ నన్నూ ఒక్కతీరుగానే పెంచాడు, రెండింటికీ నీళ్ళు తక్కువ కాకుండా చూసుకుని, రెండింటితోనూ పెద్దగా మాట్లాడకుండా. ఆ చలికాలం కాయ కోతకు వచ్చిన సమయంలో దగ్గు పట్టుకుంది. వ్యాపారి వస్తాడు, కాయ తెగాలి, అని దగ్గును దాచిపెట్టుకున్నాడు. నేను ఫోను చేస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడట. మా చిన్నాయన ఆయన్ను కారులో వేసుకుని ప్రొద్దుటూరు తెచ్చేసరికి ఊపిరితిత్తుల నిండా నిమ్ము చేరి, మనిషికి తెలివి లేదు. మిద్దె మీద ఐసీయూలో పెట్టి యంత్రంతో ఊపిరి పోశారు. నోట్లో గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదని గొంతు కింద చిన్న రంధ్రం చేసి అందులో గొట్టం పెట్టారు. అది ఉంటే మాట రాదన్నారు. మేము మెట్ల మీద కాపురం పెట్టాం. నేనూ, చిన్నాయనా, సింహాద్రిపురం నుంచి వచ్చిన మా మేనత్తా. పై నుంచి ఎవరు దిగినా వాళ్ళ మొహంలోకి చూడటం, మళ్ళీ తల దించుకోవడం, అదే మా పని.

ఇక్కడ మా వైపు మాట ఒకటి చెప్పాలి. మనిషి పోయే ఘడియ దగ్గర పడిందంటే మంచం మీద ఉండనివ్వరు. నేల మీద చాప వేసి పడుకోబెడతారు. దాన్ని దించడం అంటారు. ఫలానాయన్ను దించినారంట అని ఊళ్ళో మాట పుడితే ఇంక ఎవరూ వివరాలు అడగరు. చేతిలో పని చేతిలోనే వదిలి, చెప్పులేసుకుని బయలుదేరతారు. అట్లాంటి మాట మా చెవిలో పడింది, ఒక పొద్దున, ఆ మెట్ల మీద. ఐసీయూ ఆయమ్మ తలుపు సగం తెరిచి, "లింగాల పెద్దాయన మనుషులు ఎవరమ్మా? ఆయన్ను ఇంగ కిందికి దించుతాండారు. దుప్పటి, పంచె ఏమన్నా ఉంటే తెచ్చుకోండి," అని చెప్పి తలుపు వేసుకుంది.

మా మేనత్త ఉన్నచోటనే కూలబడి శోకం ఎత్తుకుంది. చిన్నాయన లింగాలకు ఫోను కొట్టి, "అన్నను దించుతాండారంట," అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. ఒక్క మాట చాలు కదా. నేను ఏడవలేదు. నాయనకు ఇష్టమైన జరీ అంచు పంచె ఇంట్లో ఉండిపోయిందే అని మాత్రం అనుకున్నాను. అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుంది. స్ట్రెచరు మీద నాయన. గొంతులో గొట్టం, మొహమంతా కళ్ళే, ఆ కళ్ళు రెండూ తెరుచుకుని ఉన్నాయి. అవి మెల్లగా తిరిగి, నేల మీద కూర్చుని తన పేరు పెట్టి ఏడుస్తున్న చెల్లెలి మీద ఆగాయి. అత్త అన్న కళ్ళను చూసింది. చూసి ఏడుపు ఆపాల్సింది పోయి ఇంకా పెద్దగా ఎత్తుకుంది, మొదలుపెట్టిన శోకాన్ని ఎట్లా ఆపాలో తెలియక కాబోలు.

కింది వార్డు తలుపు తోసుకుని సిస్టరమ్మ వచ్చింది. నేను ఆమెను చూడటం అదే మొదలు. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవురి కోసం ఏడుస్తాండావు పెద్దమ్మా?" అని అడిగింది. మా అన్న కోసం అంది అత్త. "మీ అన్న నిన్నే చూస్తాండాడు. ఆ ఏడుపు ఆపి ఆయప్పతో ఒక మాట మాట్లాడు," అంది సిస్టరమ్మ. ఆ తర్వాత స్ట్రెచరు మీదికి వంగి మా నాయనతో తగ్గించిన గొంతుతో ఏదో చెప్పింది. అప్పుడు నాకు వినబడలేదు, తర్వాత రోజూ విన్నాను. 

పొద్దెక్కేసరికి లింగాల బండి వచ్చి ఆసుపత్రి ముందు ఆగింది. తలల మీద తువ్వాళ్ళు వేసుకుని మగవాళ్ళు, ముక్కులు చీదుకుంటూ ఆడవాళ్ళు. దారిలో పులివెందులలో ఆగి పూలదండ కూడా కొనుక్కొచ్చారు, చేతి మందాన, చామంతులది. వార్డులోకి వచ్చి చూస్తే నాయన తలగడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. దండ పట్టుకున్నాయన దాన్ని వీపు వెనక దాచుకుని వెనకడుగు వేస్తూ వెళ్ళిపోయాడు. మంచి పూలు వాడిపోతాయని బండి డ్రైవరు దాన్ని తన బండికే కట్టుకున్నాడని తర్వాత తెలిసింది. సిస్టరమ్మకు సంగతి అర్థమై ముందు నవ్వింది, తర్వాత కోపం వచ్చింది. పైకి ఫోను చేసి, ఈ రోజు నుంచి దించుతాండాం అనే మాట ఎవరి నోట్లోనైనా వస్తే ఊరుకోనని చెప్పింది. పై నుంచి కిందికి దించకుండా ఎట్లా వస్తాడని ఆయమ్మ వాదించిందట, ఆయమ్మదీ కడపే, ఆ మాటకు అర్థం తెలియక కాదు, రోజూ అనీ అనీ మరిచిపోయింది. ఆ తర్వాత ఆయమ్మ ఎవరితో మాట్లాడినా "షిఫ్టింగమ్మా, షిఫ్టింగ్," అనేది.

ఐసీయూ నుంచి బయటపడితే కష్టం తీరినట్లే అని మీరనుకుంటారు. మేమూ అనుకున్నాం, ఒక పూట. పైన ఉన్నప్పుడు నాయన చుట్టూ యంత్రాలు, తల దగ్గర ఎప్పుడూ ఒక నర్సు. కింద అవేవీ లేవు. ఒక మంచం, ఒక ఆక్సిజన్ గొట్టం, తెమడ లాగే చిన్న యంత్రం, అంతే. గొంతులో తెమడ అడ్డుపడి గరగరమంటే మేము ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సిస్టరమ్మ కోసం చూసేవాళ్ళం. ఆమె అప్పటికే ఇంకో మంచం దగ్గర ఉండేది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకసలే నోరు పెద్దది, మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. మా నాయన్ను మళ్ళీ పైకి పంపండి, ఇక్కడ చూసే దిక్కు లేదు అని వార్డంతా వినబడేట్లు అరిచాను. ఆమె చేతిలో పని ఆపకుండానే, "పైన తెర మీద గీతలు చూస్తాండ్రి. ఈడ మనిషిని చూడాల. నువ్వుండావు కదా, చూడు," అంది. నేను డాక్టర్నా, నర్సునా అన్నాను. "బిడ్డవు," అని తన దారిన తాను పోయింది. ఆ ఒక్క మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆమెలో నాకు మొదట వింతగా కనబడిందీ, తర్వాత మనసులో దిగిపోయిందీ ఒకటుంది. నాయన్ను ముట్టుకునేముందు ప్రతిసారీ చెప్పేది. "మామా, నేను నూర్జహాన్‌ను. నిన్ను ఎడమ పక్కకు తిప్పుతాండా." "మామా, నేను నూర్జహాన్‌ను. సూది వేస్తాండా, చురుక్కుమంటాది." ఆయన నిద్రలో ఉన్నా చెప్పేది. ఐసీయూ మందుల మత్తు దిగక నాయనకు తెలివి అటూ ఇటూగా ఉండేది. వార్డు పైకప్పు చూస్తూ తోటలో ఉన్నాననుకుని, మోటరు ఆపమని చేతులూపేవాడు. దగ్గరికి పోతే నన్నే తోసేసేవాడు. ఒకసారి సిస్టరమ్మ మణికట్టు మీద గట్టిగా కొట్టాడు. ఆమె చెయ్యి విదిలించుకుని, "దెబ్బ బాగానే ఉంది మామా, బలమొస్తాంది," అని, మళ్ళీ మొదటి నుంచి, నేను నూర్జహాన్‌ను అని మొదలుపెట్టింది. మేము మాత్రం ఆయన మంచం మీదుగా ఒకరితో ఒకరం మాట్లాడుకునేవాళ్ళం. తిన్నాడా, పోశాడా, గుర్తుపట్టాడా, ఇంక కోలుకుంటాడా. ఆయన అక్కడ లేనట్లే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. తెలివి లేని మనిషికి ఇదంతా చెప్పి ఏం లాభం సిస్టరమ్మా, గొంతు నొప్పి తప్ప అన్నాను. ఆమె నన్నే తిరిగి అడిగింది, నువ్వు చేసే పని ఏందని. జాకెట్లు కుడతానని చెప్పాను. "కొలత తీసేటప్పుడు ఆడమనిషి మీద చెప్పకుండా చెయ్యి వేస్తావా?" అంది. వెయ్యను అన్నాను. చెయ్యెత్తండమ్మా, ఇటు తిరగండమ్మా అంటాము కదా. "ఆమెకు తెలివుండాది, కండ్లుండాయి, నువ్వెవరో తెలుసు. అయినా చెప్తావు. ఈయప్పకు ఏమీ తెలీదు. ఎవురో వస్తాండారు, పొడుస్తాండారు, తిప్పుతాండారు. కొట్టడా మరి?" అంది. ఆ సాయంత్రం నుంచి నేను కూడా చెప్పడం మొదలుపెట్టాను. సిగ్గుగా ఉండేది. కన్నతండ్రి దగ్గర నిలబడి నేను ఈశ్వరిని అని చెప్పుకోవడమేమిటి? కానీ చెప్పిన రెండో రోజో మూడో రోజో నాయన నన్ను తోసెయ్యడం మానేశాడు. 

అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. గొంతులో గొట్టం ఇంకా కొన్ని వారాలు ఉండాలన్నారు డాక్టరు. నాయనేమో వార్డులో రోజురోజుకూ ఎండిపోతున్నాడు. చెంచాతో జావ పట్టిస్తే రెండు గుక్కలు మింగి మొహం తిప్పుకునేవాడు. తలుపు వైపు తప్ప ఇంకెటూ చూసేవాడు కాదు. సిస్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఈయప్ప ఇంటి గాలి తగిలితే లేస్తాడు, ఈడనే ఉంటే లేవడు, అంది. అయితే ఇంట్లో తెమడ లాగే మనిషి ఉండాలి. గొట్టం మూసుకుపోతే మనిషి దక్కడు, లింగాల నుంచి ప్రొద్దుటూరు వచ్చేదాకా ప్రాణం కాచుకుని ఉండదు కదా. చిన్నాయనకు కళ్ళు సరిగా కనబడవు. అత్త గొట్టం చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోతుంది. ఇంక మిగిలింది నేను. నా చెయ్యి కుదిరితే నాయన ఇంటికి పోతాడు, కుదరకపోతే ఆ మంచం మీదనే కరిగిపోతాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసనుకుంటాను, నేను దగ్గరికి వచ్చినప్పుడల్లా నా చేతుల వైపే చూసేవాడు.

అదీగాక మా ఇళ్ళలో పెళ్ళయిన కూతురు తండ్రిని ముట్టుకునే అలవాటు లేదు. నాకు బుద్ధి తెలిసినాక నాయన వీపు నేను చూసింది తోటలో మోటరు నీళ్ళ కింద స్నానం చేసేటప్పుడు, అదీ దూరం నుంచి. ఇప్పుడు ఆయన గొంతులో ఉన్న గొట్టం గుండా తెమడ లాగే సన్న గొట్టం దించాలి. మొదటి రోజు సిస్టరమ్మ చేతొడుగులు ఇచ్చి, గొట్టం నా చేతికిచ్చి, కానీ అంది. గొట్టం లోపలికి పోగానే నాయన మంచం అదిరేట్లు దగ్గాడు, మొహం నల్లబడింది. నేను గొట్టం నేల మీద పడేసి వరండాలోకి పరుగెత్తాను. వెనక నుంచి ఆమె గొంతు వినబడింది, వార్డు మొత్తానికీ వినబడింది. "ఈ చేతుల్తోనేనా నువ్వు పెండ్లికూతుర్లకు జాకెట్లు కుట్టేది?" అంది. నేను వరండాలో గోడకు మొహం పెట్టి ఏడ్చాను. నీ దగ్గర చచ్చినా నేర్చుకోను అనుకున్నాను. ఇంటికి పోయి మా ఆయనతో ఆమెను ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాను. 

రెండు రోజులు ఆమె వైపు చూడలేదు. మూడో రోజు ఆమే నా దగ్గరకు వచ్చి బెంచీ మీద పక్కన కూర్చుంది. ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. "నేను తొందరపడినా పాపా. గొంతు కాదు ముందు. వీపు ముందు. రా," అంది. క్షమించమని అనలేదు, నాకు అక్కర్లేకపోయింది కూడా. నాయన్ను పక్కకు తిప్పి, రొట్టె తట్టడం వచ్చునా అని అడిగింది. కడప జిల్లాలో పుట్టి రొట్టె రాకపోవడమేమిటి, వచ్చు అన్నాను. "అది మరిచిపో. రొట్టెకు చెయ్యి చాపుతావు. వీపుకు చెయ్యి గుంత చెయ్యాల. నీళ్ళు తాగను దోసిలి పడతావే, అట్ల." అని తన అరచెయ్యి గుంత చేసి నాయన వీపు మీద కింది నుంచి పైకి తడుతూ పోయింది. డొల్లగా, గుండ్రంగా చప్పుడు వచ్చింది. చప్పుడు చప్పగా వస్తే దెబ్బ తగులుతున్నట్లు, డొల్లగా వస్తే తెమడ కదులుతున్నట్లు. చెవితో విను అంది. నేను, "నాయనా, నేను ఈశ్వరిని. వీపు తడతాండా," అని చెప్పి చెయ్యి వేశాను. ఎండిపోయిన వీపు, ఎముకలు చేతికి తగిలాయి. నన్ను భుజాన ఎక్కించుకుని తోటంతా తిప్పిన వీపు అది. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తడుతూనే ఉన్నాను. కాసేపటికి చప్పుడు డొల్లగా మారింది. నాయన కళ్ళు మూసుకున్నాడు, హాయిగా ఉన్నట్లుంది. 

వీపు కుదిరినాక గొంతు కష్టం కాలేదు. ఆమె చెప్పిన కిటుకు ఒకటే. "గొట్టం లోపలికి పోతానే నీ ఊపిరి నువ్వు బిగబట్టు. నీకు ఊపిరాడక పోయే లోపల గొట్టం బయటికి వచ్చెయ్యాల. నువ్వు ఎంతసేపు ఓర్చుకుంటావో ఆయప్పా అంతే." అట్లా నేనూ నాయనా కలిసి ఊపిరి ఆపేవాళ్ళం, కలిసి వదిలేవాళ్ళం. చేతులకు భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఒకరోజు పని అయిపోయినాక తలెత్తి చూస్తే సిస్టరమ్మ వెనక నిలబడి ఉంది. బాగుందని అనలేదు. చేతొడుగుల పెట్టె నా వైపు జరిపి పోయింది.

ఇంటికి పంపే ముందు డాక్టరు గొట్టం మార్చి కొంచెం చిన్నది పెట్టారు. ఇప్పుడు రంధ్రాన్ని వేలితో మూస్తే మాట రావచ్చు, ప్రయత్నం చెయ్యండి అని సిస్టరమ్మకు చెప్పి పోయారు. మేమంతా మంచం చుట్టూ చేరాం. నాయన గొంతు విని ఎన్నాళ్ళయింది. లోలోపల నాకో ఆశ, ముందుగా నా పేరే పిలుస్తాడని. సిస్టరమ్మ వంగి, "మామా, నేను నూర్జహాన్‌ను. నీ గొంతు కాడ వేలు పెడతాండా, భయపడాకు. ఏమన్నా మాట్లాడు," అంది. వేలు పెట్టింది. నాయన పెదవులు కదిలాయి. మొదట గాలి వచ్చింది, తర్వాత గరగర, ఆ తర్వాత ఆయన గొంతే, అరిగిపోయినా ఆయనదే. 

"కిందికి దించు," అన్నాడు.

అత్త చీర కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నాయన అటు తిరిగి నిలబడ్డాడు. ఇంత కష్టపడి నోరు తెరిచి ఆయన అడిగింది ఇదా అనుకున్నాను. సిస్టరమ్మ ఒక్కతే కదల్లేదు. వేలు తీసి, ఆయనకు ఊపిరి తీసుకునే సమయం ఇచ్చి, "ఎందుకు మామా?" అని మళ్ళీ వేలు పెట్టింది. నాయన నా చేతిలోని జావ గిన్నె వైపు చూశాడు. "మంచం మీద బువ్వ తినేది నా వల్ల కాదు," అన్నాడు. 

అవును కదా. పుట్టినప్పటి నుంచి ఆయన నేల మీద కూర్చుని తిన్న మనిషి. మా ఇంట్లో కుర్చీలు కొన్నాక కూడా చాప వేసుకుని కాళ్ళు మడిచి చక్కిలం ముక్కిలం పెట్టుకుని కూర్చుంటే తప్ప ముద్ద దిగేది కాదు. ఇన్నాళ్ళూ మంచం మీద కూర్చోబెట్టి చెంచాతో నోట్లో పోస్తే మొహం తిప్పుకున్నది అందుకు. ఆయన్ను అడగాలని మాకెవరికీ తోచలేదు. అడిగే దారి లేదు అనుకున్నాం. సిస్టరమ్మకు కూడా తోచలేదు, అది ఆమే అంది, నెత్తి మీద కొట్టుకుని. నేల తుడిపించి, చాప వేయించి, దాని మీద దుప్పటి పరిపించింది. నేను భుజాల దగ్గర, చిన్నాయన కాళ్ళ దగ్గర పట్టుకున్నాం. లేపబోతుంటే ఆమె నా వైపు చూసి, "ముందు చెప్పు," అంది. నేను చెప్పాను. "నాయనా, నేను ఈశ్వరిని. నిన్ను కిందికి దించుతాండాం." ఆ మాట నా నోటితో నేనే అన్నాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్త అయితే నవ్వుతూనే ముక్కు చీదింది. నాయన మంచం కోడుకు వీపు ఆనించి కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. గిన్నె తన చేత్తో అందుకున్నాడు. ఖాళీ అయ్యేదాకా కింద పెట్టలేదు. రోగిని నేల మీద కూర్చోబెట్టినందుకు సిస్టరమ్మ పై వాళ్ళెవరితోనో మాట పడిందని విన్నాను. ఆమె మాత్రం ఆ రోజు నుంచి ప్రతి పూటా చాప తానే వేసేది. 

లింగాలకు తీసుకుపోయాం. నేను అక్కడే ఉండిపోయి వీపు తట్టాను, తెమడ లాగాను, ఆయనతో పాటు ఊపిరి బిగబట్టాను. ఎండలు ముదిరేసరికి గొట్టం తీసేశారు, రంధ్రం పూడిపోయి చిన్న మచ్చ మిగిలింది. ఒక సెలవు రోజు సిస్టరమ్మ పులివెందుల మీదుగా బస్సెక్కి మా తోటకు వచ్చింది. నాయన తానే చీనీకాయలు కోసి, తానే ఒలిచి ఆమె చేతిలో పెట్టాడు. పెడుతూ, "నా దండ యాడ పెట్టినారో వీళ్ళు ఎవురూ చెప్పరు సిస్టరమ్మా, నీకన్నా తెలుసునా?" అన్నాడు, చిన్నాయన వైపు ఓరగా చూస్తూ. ఆమె నవ్వి నవ్వి తొన గొంతుకు అడ్డంపడి కొరబోయింది. ఆమె వీపు నేనే తట్టాల్సి వచ్చింది. చెయ్యి గుంత చేసి తడితే, దగ్గుతూనే, "ఆ, వచ్చింది చప్పుడు," అంది. ఆమె నన్ను మెచ్చుకున్నది ఎప్పుడైనా ఉంటే అదొక్కటే. 

ఆ తర్వాత నాయన చాలా కోతలు చూశాడు. నేను ప్రొద్దుటూరు తిరిగొచ్చి దుకాణం చూసుకున్నాను. కొలతలు తీసేటప్పుడు ఇప్పుడు మరీ ఎక్కువ చెబుతానని నా దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు నవ్వుతారు. "అమ్మా, వీపు మీద టేపు పెడతాండా, చల్లగా ఉంటాది," అంటాను. పసిబిడ్డకు చొక్కా కొలిచినా చెబుతాను. అలవాటైపోయింది, నాకేమీ కష్టం లేదు. కష్టమైంది ఒక్కసారే. 

నాయనకు ఆ సారి ఏ జబ్బూ లేదు, వయసైపోయింది అంతే. ఆసుపత్రికి వద్దని ముందే చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఊపిరి దూరం దూరంగా రావడం మొదలైంది. చూసిన పెద్దవాళ్ళు ఇంక దించండి అన్నారు. చాప వేశారు. నాలుగు వైపుల నుంచి చేతులు మంచం మీదికి వచ్చాయి. ఆగండి అన్నాను. నేను ఒప్పుకోవడం లేదనుకుని చిన్నాయన నా భుజం పట్టుకుని, "ఇంగ ఆపేదేముంది పాపా, వదులు," అన్నాడు. ఆపడానికి కాదు చిన్నాయనా అన్నాను. నాయన చెవి దగ్గరికి వంగాను. ఊపిరి బిగబట్టి, వదిలి, అప్పుడు చెప్పాను. "నాయనా, నేను ఈశ్వరిని. నిన్ను కిందికి దించుతాండాం." విన్నాడో లేదో నాకు తెలియదు. అందరం కలిసి మెల్లగా దించాం.

అన్నీ అయిపోయాక జమ్మలమడుగుకు ఫోను చేశాను. సిస్టరమ్మ అప్పటికి ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటోంది, మోకాళ్ళ నొప్పులు. నాయన పోయినాడు సిస్టరమ్మా అన్నాను. ఎప్పుడని అడగలేదు, ఏమైందని అడగలేదు. 

"చెప్పి దించినారా?" అంది.

"చెప్పే దించినాం," అన్నాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నేను ఏడ్చినంతసేపూ ఆమె ఫోను పెట్టెయ్యలేదు.